కాటా అంకె ఎందుకు నిలవదు? లోడ్ సెల్ కాలిబ్రేషన్‌పై పాఠకుల ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం మీద ఉన్నాయి. లోడ్ సెల్ (బరువును సన్నటి విద్యుత్ సంకేతంగా మార్చే కడ్డీ), ఆ సంకేతాన్ని అంకెగా మార్చే హెచ్‌ఎక్స్ 711 బోర్డు, చిన్న మైక్రోకంట్రోలర్ పెట్టి కాటా కట్టారు. కాలిబ్రేషన్, అంటే తెలిసిన బరువుతో కాటా అంకెను సరిచూసే ప్రోగ్రాం నడిపారు. అయినా అంకె కుదరలేదు. అందులోంచి అందరికీ పనికొచ్చే 5 ప్రశ్నలు తీసుకున్నాం. మొదటి జవాబు మిగతావాటికీ పునాది కాబట్టి దాన్ని కాస్త విపులంగా రాశాం.

ప్రశ్న: డిప్లొమా ప్రాజెక్టు కోసం 5 కిలోల లోడ్ సెల్, హెచ్‌ఎక్స్ 711, ఆర్డుయినో ఊనోతో కాటా చేశాం. లైబ్రరీతో పాటు వచ్చిన కాలిబ్రేషన్ స్కెచ్ నడిపితే ఒకసారి 412, ఇంకోసారి 438, మర్నాడు 405 వచ్చింది. ఇందులో ఏ ఫ్యాక్టర్ వాడాలి?
– పాలిటెక్నిక్ విద్యార్థులు, కాకినాడ

ఏదీ వాడకండి. మూడూ మూడు రకాలుగా వచ్చాయంటే మీ కాటా ఇంకా కాలిబ్రేషన్‌కు సిద్ధం కాలేదని అర్థం.

ఆ స్కెచ్, అంటే ఆర్డుయినో ప్రోగ్రాం, చేసేది ఒక్క తీసివేత, ఒక్క భాగహారం. బరువు పెట్టాక వచ్చిన అంకెలోంచి ఖాళీ పళ్లెం అంకెను తీసేసి, మీరు టైప్ చేసిన గ్రాములతో భాగిస్తుంది. వచ్చిందే ఫ్యాక్టర్. పళ్లెం దేనికైనా తగులుతోందా, బోల్టు వదులైందా అన్నది దానికి తెలిసే దారి లేదు. కాబట్టి ముందు ఫ్యాక్టర్ ఎంత రావాలో కాగితం మీద లెక్క వేసుకోండి.

మీ సెల్ వివరాల్లో వోల్టుకు 1 మిల్లీవోల్టు అని ఉంటుంది. పూర్తి 5 కిలోలు పెడితే, సెల్‌కు ఇచ్చిన వోల్టేజిలో వెయ్యో వంతు బయటికి వస్తుందని దాని భావం. హెచ్‌ఎక్స్ 711 చిప్ 128 గెయిన్ (సంకేతాన్ని 128 రెట్లు పెంచే అమరిక) దగ్గర కొలవగలిగేది, తన అనలాగ్ సప్లైలో సగాన్ని 128తో భాగిస్తే వచ్చినంత, అటూ ఇటూ. ఆ మేరను 83,88,608 మెట్లుగా చూపిస్తుంది. సెల్‌కూ చిప్‌కూ సప్లై ఒకటే కనుక వోల్టేజి లెక్కలోంచి కొట్టుకుపోతుంది. మిగిలేది 0.001 × 256 × 83,88,608, అంటే సుమారు 21,47,000. దాన్ని 5000 గ్రాములతో భాగిస్తే 429. మీ ఫ్యాక్టర్ ఈ చుట్టుపక్కల ఉండాలి. చవక సెల్‌లలో 10, 15 శాతం తేడా మామూలే. 214 వచ్చిందంటే మీ చేతిలో ఉన్నది 10 కిలోల సెల్, లేదా గెయిన్ 64లో పడింది. 4 లక్షల పైచిలుకు వచ్చిందంటే 1000.0 అని కొట్టాల్సిన చోట 1 అని కొట్టారు.

405, 438 విడివిడిగా చూస్తే తప్పు అంకెలు కావు. అదే సెల్, అదే బరువు, తేడా మాత్రం 8 శాతం. తప్పు అక్కడ ఉంది. చిప్ సొంత నాయిస్ 50 నానోవోల్టులు. మీ కాటా మీద అది గ్రాములో ఇరవయ్యో వంతు. కిలో మీద 80 గ్రాముల తేడా చిప్‌లో పుట్టదు, బిగింపులోనో తీగల్లోనో పుడుతుంది.

అందుకే ముందు స్క్రూడ్రైవర్ పట్టుకోండి. సెల్ అంటే ఒక అల్యూమినియం కడ్డీ. ఒక కొస అడుగు చెక్కకు, రెండో కొస పళ్లేనికి బిగించాలి. బరువు పడే కొస మీది బాణం గుర్తు కిందికి చూడాలి. రెండు కొసల దగ్గరా రెండేసి మూడేసి వాషర్లు వేసి, కడ్డీ నడిమి భాగం అటు చెక్కకూ ఇటు పళ్లేనికీ తగలకుండా సందు ఉంచండి. కడ్డీ వంగడాన్ని పసిగట్టే స్ట్రెయిన్ గేజ్‌లు తెల్లటి జిగురు కింద ఉండేది అక్కడే. ఆ సందులోంచి మందపాటి కాగితం ఒక పక్క నుంచి రెండో పక్కకు ఎక్కడా ఆగకుండా జారాలి. పొడవాటి మర ఒక్కటి రెండో వైపు దాకా పొడుచుకొచ్చి తగిలినా, 2 కిలోల దాకా బాగా చూపించి అక్కడి నుంచి తక్కువ చూపిస్తుంది. 3 మిల్లీమీటర్ల యాక్రిలిక్ షీట్ అడుగుగా వాడితే బరువుకు అదే వంగుతుంది, 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ వేయండి. సెల్ తీగలు పళ్లెం వైపు నుంచి వస్తుంటే బిగుతుగా లాగకుండా వదులు చుట్ట ఉంచండి. వెంట్రుక మందం తీగ కూడా బిగిస్తే బరువులో పాలు పంచుకుంటుంది.

తర్వాత తీగల సంగతి. బ్రెడ్‌బోర్డు, జంపర్ తీగలు ఇక్కడ పనికిరావు. పూర్తి బరువుకు సెల్ ఇచ్చేది 5 మిల్లీవోల్టులు మాత్రమే, లూజ్ కాంటాక్ట్ ఒక్కటి చాలు దాన్ని చెడగొట్టడానికి. నాలుగు తీగలనూ బోర్డుకు సోల్డర్ చేయండి. ఎరుపు ‘ఈ-ప్లస్’, నలుపు ‘ఈ-మైనస్’, ఆకుపచ్చ ‘ఏ-ప్లస్’, తెలుపు ‘ఏ-మైనస్’ అన్నది ఎక్కువగా కనిపించే వరస. బరువు పెడితే అంకె మైనస్‌లోకి పోతే ఆకుపచ్చ, తెలుపు తారుమారు చేస్తే చాలు. రంగుల మీద అనుమానం ఉంటే బోర్డు నుంచి విప్పి మల్టీమీటర్ పెట్టండి. 1000 ఓమ్‌ల సెల్ అయితే జతగా ఉండే తీగల (సప్లై రెండూ లేదా సిగ్నల్ రెండూ) మధ్య 1000 దగ్గర, వేర్వేరు జతల తీగల మధ్య 750 దగ్గర చూపిస్తుంది. ఏవైనా రెండు తీగల మధ్య అసలేమీ చూపించకపోతే తీగ తెగింది, సెల్ మార్చడమే.

చవక ఆకుపచ్చ బోర్డులు కొన్నిటిలో ఇంకో లోపం ఉంది. ‘ఈ-మైనస్’ రంధ్రం బోర్డు గ్రౌండ్‌కు కలిసి ఉండదు. అంకె ఎటో కొట్టుకుపోతూ ఉంటుంది, ఎంతకీ నిలవదు. కరెంటు తీసేసి ‘ఈ-మైనస్’కూ గ్రౌండ్ పిన్‌కూ మధ్య మల్టీమీటర్ బజర్ మోగుతుందో లేదో చూడండి. మోగకపోతే వెనకవైపు చిన్న తీగ ముక్క సోల్డర్ చేసి కలపండి.

ఇవన్నీ అయ్యాక ఒక పరీక్ష. ఫ్యాక్టర్ జోలికి పోకుండా ముడి అంకె చూపే స్కెచ్ పెట్టి, 1 కిలో బరువును పదిసార్లు పెట్టి తీయండి. తీసిన ప్రతిసారీ ఖాళీ అంకె 200 లోపు తేడాతో వెనక్కి రావాలి. అది మీ కాటా మీద అర గ్రాము. రాకపోతే ఇంకా ఏదో తగులుతోంది, మళ్లీ విప్పండి. ఇది దాటకుండా కాలిబ్రేషన్‌కు వెళ్లకండి.

ఇప్పుడు ప్రోగ్రాం. బోర్డుకు కరెంటు ఇచ్చి 20 నిమిషాలు వదిలేయండి, సెల్, చిప్ ఒక వేడికి వచ్చి కుదురుకుంటాయి. హెచ్‌ఎక్స్ 711 ఏడీసీ లైబ్రరీలోని కాలిబ్రేషన్ ఉదాహరణ అయితే సీరియల్ మానిటర్ వేగం 57600 పెట్టాలి, లేకపోతే పిచ్చి అక్షరాలు కనిపిస్తాయి. పళ్లెం ఖాళీగా ఉంచి, అది అడిగినట్టు ‘టి’ అక్షరం కొట్టండి. టేర్ (ఖాళీ పళ్లేన్ని సున్నాగా తీసుకోవడం) పూర్తయిందన్నాక బరువు పెట్టండి. పెట్టగానే అంకె కొట్టకండి. లోహం బరువుకు ఇంకా కొద్దికొద్దిగా సాగుతూనే ఉంటుంది, 30 సెకన్లు ఆగండి. తర్వాత గ్రాముల్లో బరువు టైప్ చేయండి.

ఆ బరువు ఎంత ఉండాలన్నది ముఖ్యం. 5 కిలోల సెల్‌కు 2 నుంచి 3 కిలోల రాయి కావాలి. 100 గ్రాముల రాయితో చేస్తే, అందులో అర గ్రాము తేడా పడినా ఫ్యాక్టర్‌లో అర శాతం తప్పు కూర్చుంటుంది. 4 కిలోలు తూచేటప్పుడు అదే 20 గ్రాములవుతుంది. 2 కిలోల రాయి మీద అదే అర గ్రాము తేడా పడితే, 4 కిలోల దగ్గర తప్పు 1 గ్రామే.

ఫ్యాక్టర్ వచ్చాక ఈఈప్రోమ్‌లో, అంటే కరెంటు పోయినా చెరిగిపోని మెమరీలో, దాచుకోవాలా అని అడుగుతుంది. ‘వై’ కొట్టండి. చాలామంది ఇక్కడితో పని అయిపోయిందనుకుంటారు. ఆ లైబ్రరీలో బరువు చదివే ఉదాహరణ స్కెచ్‌లో 696.0 అని ఒక నమూనా ఫ్యాక్టర్ రాసి ఉంటుంది. ఈఈప్రోమ్ నుంచి తీసుకునే వరస ముందు రెండు ఏటవాలు గీతలు (//) ఉంటాయి, అవి ఉన్నంతవరకు ఆ వరస పనిచేయదు. ఆ గీతలు తీసేయకపోతే మీరు దాచుకున్నది అక్కడే పడి ఉంటుంది, కాటా మాత్రం 696తోనే భాగిస్తుంది. 1 కిలో పెడితే 617 గ్రాములు చూపిస్తోందంటే కారణం ఇదే.

చివరిగా 500, 1000, 2000, 3000 గ్రాములు ఎక్కిస్తూ ఒకసారి, దించుతూ ఒకసారి రాసుకోండి. 2 కిలోలను పళ్లెం నాలుగు మూలలా కూడా పెట్టి చూడండి. ప్రాజెక్టు రిపోర్టులో ఫ్యాక్టర్ ఒక్కటే రాయకుండా ఈ పట్టిక మొత్తం పెట్టండి. మీ కాటా ఎంత మంచిదో చెప్పేది అదే.

ప్రశ్న: మా బడిలో తూకపు రాళ్లు లేవు. నాణేలతో, నీళ్లతో కాలిబ్రేట్ చేయొచ్చా?
– సైన్స్ ఉపాధ్యాయుడు, కరీంనగర్ జిల్లా

చేయొచ్చండీ. నాణెం బరువు మాత్రం విడుదలైన వరసను బట్టి మారుతుంది. 5 రూపాయల నాణేన్నే తీసుకోండి. పాత మందపాటి తెల్ల నాణెం 9 గ్రాములు, 2011 వరస పసుపు నాణెం 6 గ్రాములు, 2019 వరసది 6.74 గ్రాములు. మూడూ కలిపి పోస్తే లెక్క పోతుంది. 2011 వరసవి ఏరుకుంటే 1 రూపాయి 3.79, 2 రూపాయలు 4.85, 10 రూపాయలు 7.71 గ్రాములు. అరిగినవి, మట్టి పట్టినవి పక్కన పెట్టండి. ఒక్క నాణెం కాకుండా 50 నాణేలు కలిపి తూస్తే ఒక్కోదానిలో ఉండే చిన్న తేడాలు చాలావరకు సర్దుకుంటాయి. 2011 వరస 5 రూపాయల నాణేలు 50 అంటే 300 గ్రాములు. 1 కిలో సెల్‌కు అది చాలు, 5 కిలోల సెల్‌కు చాలదు.

పెద్ద సెల్‌కు నీళ్లే నయం. లీటరు నీళ్లు సరిగ్గా కిలో అనేది చల్లటి నీళ్ల మాట. 30 డిగ్రీల దగ్గర లీటరు 995.7 గ్రాములు, 35 డిగ్రీల దగ్గర 994 గ్రాములు. ఎండాకాలం మీ తరగతి గదిలో 6 గ్రాముల తేడా అన్నమాట. అంతకంటే పెద్ద తప్పు కొలపాత్ర దగ్గర జరుగుతుంది. ప్లాస్టిక్ మగ్గు మీది గీతల్ని నమ్మకండి, ల్యాబ్‌లో కొలజాడీ ఉంటే అది వాడండి. ఖాళీ పాత్రను పళ్లెం మీద ఉంచే టేర్ చేసి, తర్వాత నీళ్లు పోయండి. పాల ప్యాకెట్‌తో మాత్రం వద్దు. పాలు లీటరు 1.03 కిలోల దాకా తూగుతాయి, పైగా ప్యాకెట్‌లో పోసినది మిల్లీలీటర్ల లెక్క.

దగ్గరలో తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న ఎలక్ట్రానిక్ కాటా గల కిరాణా కొట్టు ఉంటే ఇంకా తేలిక. ఇసుక నింపి మూత బిగించిన సీసాను అక్కడ తూయించి, వచ్చిన బరువు దాని మీదే రాసి పెట్టుకోండి. ఏడాది పొడవునా అదే మీ బడి తూకపు రాయి. ఇసుక బాగా ఎండినదై ఉండాలి.

ప్రశ్న: గ్యాస్ సిలిండర్ కింద 50 కిలోల సెన్సర్లు నాలుగు పెట్టి, ఈఎస్‌పీ 32 (వైఫై ఉన్న మైక్రోకంట్రోలర్)తో ఫోన్‌లో గ్యాస్ ఎంతుందో చూసుకునేలా చేశాను. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా సున్నా చూపిస్తోంది. అప్పుడప్పుడు ఒక్క రీడింగ్ వందల కిలోలు దూకుతోంది.
– ఒక పాఠకుడు, వరంగల్

ఇవి రెండు వేర్వేరు జబ్బులు.

సున్నా రావడానికి కారణం స్కెచ్ మొదట్లో ఉన్న టేర్ ఆజ్ఞ. బోర్డు లేచిన ప్రతిసారీ పళ్లెం మీద ఉన్నదాన్ని ఖాళీ అనుకుంటుంది. అక్కడ మీ సిలిండర్ ఉంది. వంటింటి కాటాకు ఆ పద్ధతి సరే, ఎప్పుడూ బరువు మోసే దానికి కాదు. ఫ్యాక్టర్‌తో పాటు ఖాళీ అంకెను, అంటే ఆఫ్‌సెట్‌ను కూడా ఈఈప్రోమ్‌లో దాచి, లేవగానే దాన్నే పెట్టుకునేలా రాయండి. ఎక్కువమంది వాడే రెండు లైబ్రరీల్లోనూ ఆఫ్‌సెట్‌ను చదవడానికి, పెట్టడానికి ఆజ్ఞలున్నాయి. మొదట్లోని టేర్ వరసను తీసేయండి. దాని బదులు ఒక బటన్ పెట్టి, సిలిండర్ మార్చే రోజున పలక ఖాళీగా ఉన్నప్పుడు ఆ బటన్ నొక్కి కొత్త సున్నా తీసుకోండి. నెలల తరబడి 30 కిలోలు మోసిన సెన్సర్ సున్నా కొంచెం జరుగుతుంది, వంటింటి వేడికి ఇంకొంచెం. దాన్ని సరిచేసుకునే వీలు మీకు ఆ ఒక్క రోజే దొరుకుతుంది.

ఇంటి సిలిండర్‌లో గ్యాస్ 14.2 కిలోలు. ఖాళీ సిలిండర్ బరువు మాత్రం ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది. పైన పట్టుకునే రింగు దగ్గరి పట్టీల మీద అది రాసి ఉంటుంది. వచ్చిన ప్రతి సిలిండర్‌కూ ఆ అంకె చూసి యాప్‌లో మార్చుకోవాలి. పాత సిలిండర్ అంకె అలాగే వదిలేస్తే అర కిలో, కిలో తేడా ఊరికే వస్తుంది.

ఇక రీడింగ్ దూకడం. హెచ్‌ఎక్స్ 711 క్లాక్ పిన్ 60 మైక్రోసెకన్లకు మించి పైస్థాయిలో ఉండిపోతే చిప్ నిద్రలోకి వెళ్తుంది. రీడింగ్ తీసే మధ్యలో వైఫై పని అడ్డం వస్తే అదే జరుగుతుంది, సగం బిట్లు తప్పుగా వస్తాయి. రీడింగ్ తీసే ఆ కొద్దిసేపు ఇంటరప్ట్‌లు (నడుస్తున్న పనిని మధ్యలో ఆపించే పిలుపులు) ఆపండి. ముందు తూకం, ఆ తర్వాతే ఫోన్‌కు పంపడం. దాంతో పాటు 5 రీడింగ్‌లు తీసి సగటు కాకుండా నడిమి విలువ తీసుకోండి. ఒక్క తప్పు అంకె సగటును పాడుచేస్తుంది, నడిమి విలువను చేయలేదు. ఇంకో మాట. ఈఎస్‌పీ 32 పిన్‌లు 5 వోల్టులు తట్టుకునేవి కావు. హెచ్‌ఎక్స్ 711 బోర్డుకు 3.3 వోల్టులే ఇవ్వండి. సప్లై మారినా ఫ్యాక్టర్ దాదాపు అదే ఉంటుంది, అయినా ఒకసారి మళ్లీ చూసుకోండి.

మీరు అడగకపోయినా ఇది చెప్పాలి. గ్యాస్ గాలికంటే బరువు. లీకైతే నేల మీదే పరుచుకుంటుంది. బోర్డు, అడాప్టర్, ప్లగ్, బటన్ ఏవీ సిలిండర్ పక్కన నేల మీద ఉండకూడదు. సెన్సర్ల తీగలు మాత్రమే కింద ఉంచి, షీల్డ్ ఉన్న కేబుల్‌తో పొడిగించి, మిగతాదంతా దూరంగా గోడ మీద ఎత్తులో బిగించండి.

ప్రశ్న: లండన్‌లో చదువుతూ అక్కడ 1 కిలో రాయితో కాలిబ్రేట్ చేసిన పరికరాన్ని హైదరాబాద్ తెచ్చాను. అలాంటి కిలో రాయికే ఇక్కడ 997 గ్రాములు చూపిస్తోంది. దారిలో సెల్ దెబ్బతిందా?
– పరిశోధక విద్యార్థిని

లేదమ్మా, సరిగ్గానే ఉంది. లోడ్ సెల్‌కు తెలిసేది బలం, ద్రవ్యరాశి కాదు. లండన్‌లో గురుత్వ త్వరణం 9.812, హైదరాబాద్‌లో 9.783 దగ్గర. భూమధ్యరేఖకు దగ్గర పడటం వల్ల, 500 మీటర్ల పైన ఎత్తు వల్ల ఇక్కడ తక్కువ. ఒకదాన్ని రెండోదానితో భాగిస్తే 0.997 వస్తుంది. గ్రాముల్లో చూపే పరికరమైతే ఇక్కడ మళ్లీ కాలిబ్రేట్ చేయండి.

మీ పని దారం తెగే బలం లాంటిదాన్ని న్యూటన్లలో కొలవడమైతే లెక్క వేరు. పరికరాన్ని న్యూటన్లలో సరిగ్గా కాలిబ్రేట్ చేసి ఉంటే ఎక్కడికి తీసుకెళ్లినా అదే చెల్లుతుంది. కాలిబ్రేట్ చేసేటప్పుడు రాయి బరువును ఆ ఊరి త్వరణంతో గుణించాలి, అంతే. హైదరాబాద్‌లో 5 కిలోల రాయి వేలాడదీస్తే 48.9 న్యూటన్లు. అలవాటుగా 9.81 వేసి 49.05 అని టైప్ చేస్తే అక్కడే 0.3 శాతం తప్పు చేరుతుంది.

ప్రశ్న: రోబో చేతి వేళ్లకు పలచటి గుండ్రని ఫోర్స్ సెన్సర్లు అంటించాం. వీటిని గ్రాము దాకా కాలిబ్రేట్ చేయడం ఎలా? ఇంట్లో అమ్మే పచ్చళ్లు తూయడానికి కూడా ఇలాంటి కాటా చేసుకోవచ్చా?
– అన్నాచెల్లెళ్లు, గుంటూరు

రెండో దానికి ముందు జవాబు. మీరు కట్టిన కాటా ఎంత బాగా తూచినా అమ్మకానికి వాడకూడదు. 2009 నాటి తూనికలు కొలతల చట్టం ప్రకారం అమ్మకపు కాటా ఆమోదం పొందిన మోడల్ అయి ఉండాలి, తూనికలు కొలతల శాఖ పరీక్షించి ముద్ర వేయాలి. ఎలక్ట్రానిక్ కాటాకు ఆ ముద్ర ఏటా వేయించుకోవాలి. ఇంట్లో ఉప్పు, కారం పాళ్లు చూసుకోవడానికి మీదే వాడుకోండి. సీసాలో నింపేటప్పుడు ముద్ర ఉన్న కాటా వాడండి.

ఇక వేళ్ల సెన్సర్లు. అవి లోడ్ సెల్‌లు కావు, నొక్కితే రెసిస్టెన్స్ తగ్గే పొరలు. గ్రాము దాకా రావు. మెల్లగా పట్టుకుందా, గట్టిగా పట్టుకుందా అని చెప్పడానికి బాగా పనికొస్తాయి. 5 వోల్టులకూ అనలాగ్ పిన్‌కూ మధ్య సెన్సర్, పిన్‌కూ గ్రౌండ్‌కూ మధ్య 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ పెట్టండి. 1023లోంచి రీడింగ్‌ను తీసేసి, మిగిలినదాన్ని రీడింగ్‌తో భాగించి, 10,000తో గుణిస్తే సెన్సర్ రెసిస్టెన్స్ వస్తుంది. దాన్ని తలకిందులు చేయండి, అంటే 1ని దానితో భాగించండి. నేరుగా రీడింగ్‌కు బలాన్ని గీస్తే వంకర గీత వస్తుంది. ఈ తలకిందులు చేసిన విలువకు గీస్తే దాదాపు తిన్నని గీత వస్తుంది. 100, 200, 500, 1000 గ్రాముల దగ్గర విలువలు రాసుకుని మధ్యవాటిని గీత మీద చూసుకోవచ్చు.

బరువు ప్రతిసారీ ఒకే వైశాల్యం మీద పడాలి, లేకపోతే ఈ పట్టికకు విలువ లేదు. గుండ్రటి భాగం కంటే కాస్త చిన్నగా రబ్బరు బిళ్ల కత్తిరించి నడిమధ్య అంటించి, దాని మీదే నొక్కండి. బరువు పెట్టాక ప్రతిసారీ ఒకే వ్యవధి, 10 సెకన్లనుకోండి, ఆగి రీడింగ్ తీయండి. ఒక సెన్సర్ పట్టిక ఇంకో సెన్సర్‌కు పనికిరాదు, అయిదు వేళ్లకూ అయిదు పట్టికలు కావాలి. రబ్బరు బిళ్ల ఊడి కొత్తది అంటిస్తే ఆ వేలి పట్టిక మళ్లీ మొదటి నుంచి రాయాలి.